ఆరూ నలభై బండి

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఊళ్ళో దాన్ని వాడేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన ఖండన గారు. ప్రతిపక్ష పార్టీ పట్టణ శాఖకు పద్దెనిమిదేళ్ళుగా కార్యదర్శి. ప్రధాని కొత్తగా ఏది తెచ్చినా, పాతది ఏది ఎత్తేసినా, మర్నాడు పొద్దున్నే విలేకరులకు ఆయన సంతకంతో ఒక కాగితం అందేది. ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’ అన్న మాట లేకుండా ఆ కాగితం ఎప్పుడూ ముగియలేదు. ఒకసారి తుఫానును కూడా ఖండించాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. అది ఆయన తప్పు కాదు. తుఫాను సాయంలో జాప్యాన్ని ఖండించాడు, పత్రికవాళ్ళు రెండు మాటలు మింగేశారు.

సైకిల్ షాపు మీద మేడగది పార్టీ ఆఫీసు. సాయంత్రం అక్కడికి ఇద్దరో ముగ్గురో వచ్చి పేపరు చదివి, ప్రధానిని నాలుగు తిట్టి, లైటు ఆర్పి వెళ్ళిపోయేవాళ్ళు. మూడు ఎన్నికలు వరసగా ఓడిపోయిన పార్టీ అది. రాజధానిలోని పెద్దలు పార్లమెంటులో కాసేపు అరిచి బయటికి నడిచేవాళ్ళు, టీవీల ముందు నిలబడి ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడిందని చెప్పి భోజనానికి పోయేవాళ్ళు. ఈ సంగతి ఖండన గారికి తెలియక కాదు. “బయటికి నడవడంలో మావాళ్ళను మించినవాళ్ళు లేరు. లోపల నిలబడటమే చేతకాదు” అని ఇంట్లో భార్య దగ్గర గొణిగేవాడు. వీధిలో మాత్రం వాళ్ళనే వెనకేసుకొచ్చేవాడు. జనం కదలరని, అందుకే నాయకులూ కదలరని ఆయన వాదన. ఆ వాదనలో ఆయనకు కొంత హాయి ఉండేది.

ఆయనకో తోడల్లుడున్నాడు, భార్య చెల్లెలి భర్త. పక్క పట్నంలో పంపుల కార్ఖానాలో ఇనుము చెక్కే లేతు మిషను మీద పని. ఇనప తునకలు తగిలి చేతులనిండా చిన్న చిన్న మచ్చలు. మాట బహు పొదుపు. అతని ఒక మాటకూ రెండో మాటకూ మధ్య టీ తాగి రావచ్చని మామగారు అనేవారు. కుటుంబమంతా కలిసినప్పుడు మాట్లాడేది ఖండన గారు, వినేది లేతు అతను. అన్నేళ్ళలో అతన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన అవసరం ఖండన గారికి ఒక్కసారీ రాలేదు.

ఆ ఏడు ప్రధాని టీవీలోకి వచ్చి దేశం వేగం పెంచుకోవాలన్నాడు. ‘ఆగని దేశం’ అని ఒక నినాదం ఇచ్చాడు. ఆ నినాదం కింద ముప్ఫై చిన్న స్టేషన్లలో పొద్దుటి బండి ఆగడం రద్దయింది. ఈ ఊరు అందులో ఒకటి. ఆరూ నలభైకి వచ్చే ఆ బండిలోనే కార్ఖానా వాళ్ళు, పెద్దాసుపత్రి నర్సులు, కాలేజీ పిల్లలు పట్నం వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు రెండు బస్సులు మారాలి. అవీ వేళకు రావు. ఒక నర్సుకు నెల తిరక్కుండానే పగటి డ్యూటీ పోయింది.

ఖండన గారు ఆ రోజే కాగితం రాశాడు. నిరసన సభకు అనుమతి కోరుతూ రాజధానికి ఫోను కూడా చేశాడు. వారం తర్వాత జవాబు వచ్చింది. వేగవంతమైన రైళ్ళను పార్టీ సూత్రరీత్యా స్వాగతిస్తోందట. ఆగే స్టేషన్ల విషయంలో వైఖరి ఇంకా ఖరారు కాలేదట, పెద్దాయన విదేశం నుంచి రాగానే కమిటీ కూర్చుంటుందట. అప్పటిదాకా తొందరపడవద్దన్నారు. ఆయన ఇంటికెళ్ళి భార్య దగ్గర గొణిగాడు. అయినా తొందరపడలేదు.

లేతు అతను ఎవరినీ అడగలేదు. ఒక సోమవారం ఎప్పటిలాగే స్టేషనుకు వెళ్ళి పట్నానికి టికెట్టు అడిగాడు. మధ్యాహ్నం బండి ఇంకా ఆగుతుంది కాబట్టి టికెట్టు కిటికీ తెరిచే ఉంది. పొద్దుటిది ఆగదు కదా అని గుమాస్తా గుర్తుచేశాడు. తెలుసన్నాడు అతను. వెళ్ళి ప్లాట్‌ఫాం మీద, రోజూ తను ఎక్కే చోట నిలబడ్డాడు. బండి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. అతను అది పోయినవైపు చూసి, ఇంటికొచ్చి, సైకిలెక్కి బస్టాండుకు పోయాడు. మంగళవారం కూడా అంతే. బుధవారం ఆ నర్సు వచ్చి పక్కన నిలబడింది. శనివారానికి ఏడుగురయ్యారు. నినాదాల్లేవు, అట్టముక్కల మీద రాతల్లేవు. టికెట్టు కొనుక్కుని బండికోసం నిలబడటమే. మూడో వారానికి రెండు వందల మంది పోగయ్యారు. ఒక విలేకరి ఫోటో తీశాడు. వరసగా నిలబడ్డ జనం, వాళ్ళ ముందు గీతల్లా చెరిగిపోయిన బండి. అది అన్ని పత్రికల్లోనూ వచ్చింది.

ఖండన గారు ఆ ఫోటోను ఆఫీసులో చూశాడు. మొదట జనం లెక్కపెట్టాడు. తన సభలకు ఎప్పుడైనా ఇంతమంది వచ్చారా అని గుర్తుచేసుకున్నాడు. అన్నిటికన్నా పెద్ద సభకు ముప్ఫై ఒక్కరు. అందులో మైకువాడూ, వాడి తమ్ముడూ ఉన్నారు. తర్వాత ఫోటోలో మధ్యన నిలబడ్డ తోడల్లుడి మొహం చూశాడు. ఆ మొహంలో గర్వం కనిపిస్తే బాగుండుననిపించింది. కనిపించలేదు. పత్రిక మడిచి బల్ల కింద పడేశాడు.

మర్నాడు పొద్దున్నే స్టేషను పక్కనున్న పాదచారుల వంతెన ఎక్కి పైనుంచి చూశాడు. తనకు ఎన్నడూ ఓటెయ్యని వాళ్ళు, తను ఇంటింటికీ తిరిగినా తలుపు తియ్యని వాళ్ళు అక్కడున్నారు. వాళ్ళ మధ్యలో ఫ్లాస్కు పట్టుకుని, ఒక ముసలాయనకు టీ పోసి ఇస్తూ తన భార్య కనిపించింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె ఆయన సభకు ఒక్కసారి కూడా రాలేదు.

ఆమె ఇంటికొచ్చాక ఎందుకు వెళ్ళావని అడిగాడు. చెల్లెలు పిలిచిందనీ, పోతే తప్పేమిటనీ అంది ఆమె. పార్టీ పరంగా తనకది ఇబ్బంది అన్నాడు. ఆమె ఫ్లాస్కు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

“జనం రారు, రారు అని మీరు అనడమే కదా ఇన్నాళ్ళూ విన్నాను. వస్తున్నారంటే చూద్దామని వెళ్ళాను. మా మరిది ఏమీ చెయ్యలేదండీ, ఊరికే నిలబడ్డాడు.”

ఊరికే నిలబడ్డాడన్న మాట ఆయన్ని రోజంతా తినేసింది. మైకు పట్టి గొంతు అరిగేలా అరిచింది తను, లాఠీదెబ్బ తిన్నది తను. ఇప్పుడు ఊరంతా హారతి పడుతున్నది మాట రానివాడికి. వాడికేం తెలుసు రాజకీయం? ఈ ఉద్యమం ఎవరిది? ముందు కాగితం రాసింది ఎవరు?

ఆయన ఇక రాజధాని అనుమతికోసం ఆగలేదు. మర్నాడు పొద్దున్నే పాతిక జెండాలూ, మైకూ, ఆఫీసుకొచ్చే ముగ్గురినీ వెంటేసుకుని ప్లాట్‌ఫాం ఎక్కాడు. అందినవాళ్ళ చేతుల్లో జెండాలు పెట్టించాడు. బల్ల ఎక్కి, ఈ పోరాటం తమ పార్టీ పిలుపు మేరకే జరుగుతోందని మొదలుపెట్టాడు. ఆయన బాగా మాట్లాడతాడు, ఆ రోజు ఇంకా బాగా మాట్లాడాడు. ప్రధానిని ఏకిపారేశాడు. మాట్లాడుతుండగానే జనం మెల్లగా పక్కకు జరగడం కనిపించింది. నర్సు తన చేతిలో పెట్టిన జెండాను జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టింది. “మేం బండి కోసం వచ్చామండీ” అంది, అంతే. లేతు అతను రోజూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు, ఇటు చూడలేదు. ఆరూ నలభై బండి వచ్చి మైకులో మాటను తుడుచుకుపోయింది.

ఆ సాయంత్రమే పాలక పార్టీ స్థానిక పెద్ద విలేకరులను పిలిచి, తాము మొదటినుంచీ చెబుతున్నదే నిజమైందనీ, ఇది ప్రయాణికుల బాధ కాదు, ప్రతిపక్షం ఆడించిన నాటకమనీ చెప్పాడు. రెండో రోజు రైల్వే పోలీసులు వచ్చి ప్లాట్‌ఫాం మీద రాజకీయ సమావేశాలు కూడదన్నారు. రెండు వందల మంది నలభై మంది అయ్యారు. వంతెన మీదినుంచి ఆ నలభై మందినీ లెక్కపెట్టినప్పుడు, ఖండన గారికి లోపల ఒక మూల చల్లగా తగిలింది. తనకు కలిగింది సంతోషమని మెట్లు సగం దిగాక తెలిసింది. అక్కడే కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు.

ఆదివారం లేతు అతను ఇంటికొచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చెప్పేదాకా కూర్చోకుండా నిలబడ్డాడు. వదినగారిచ్చిన నీళ్ళు తాగాడు. గొడవ పెట్టుకోవడానికి వచ్చాడేమోనని ఖండన గారు జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఆ మనిషి మొదలుపెట్టడానికే చాలాసేపు పట్టింది.

“అన్నయ్యగారూ, పై అధికారులకు అర్జీ పెట్టాలి. నాకు రాయడం రాదు. మీ చెయ్యి కావాలి.”

ఖండన గారు తలెత్తి అతని మొహంలోకి చూశాడు.

“పార్టీ పేరుండకూడదండి. మీ పేరూ ఉండదు. అలా రాస్తారా?”

సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. నోట్లోంచి వచ్చింది వేరేది. తనే ఊహించనిది.

“నీమీద నాకు కడుపుమంటగా ఉందిరా తమ్ముడూ. జెండాలు తెచ్చింది అందుకే. పార్టీ కోసం కాదు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. లేతు అతను అరచేతిలోని మచ్చలు చూసుకుంటూ కూర్చున్నాడు.

“తెలుసండి” అన్నాడు చివరికి. “నాకూ ఉండేది మీరంటే. పెళ్ళయిన కొత్తలో మామగారి ముందు మీరు గంటసేపు ధారాళంగా మాట్లాడేవారు. నేను మంచినీళ్ళు అడగాలన్నా లోపల రెండుసార్లు అనుకుని చూసుకునేవాణ్ణి. ఇంటికెళ్ళి మీ మరదలి మీద విసుక్కునేవాణ్ణి.” ఖాళీ గ్లాసు పక్కకు జరిపాడు. “అర్జీ రాస్తారా మరి?”

ఖండన గారు రాశాడు. ఒక్క రోజులో కాలేదు. నలభై మందితో మొదలుపెట్టి, రావడం మానేసిన వాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగాడు. కొన్ని తలుపులు తెరుచుకోవడానికి సమయం పట్టింది. జెండాల సంగతి ఎత్తి ఇద్దరు ముగ్గురు మొహం మీదే అనేశారు, పడ్డాడు. ఎన్నింటికి లేస్తారు, ఏ బస్సు ఎక్కడ మారతారు, ఏ పని పోయింది, ఎవరికి పరీక్ష తప్పిపోయింది, అన్నీ వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాడు. అరవై ముగ్గురి మాటలు పదకొండు పేజీలు వచ్చాయి. ఎక్కడా ‘ఖండిస్తున్నాం’ అని రాయలేదు. రాయాలని రెండు మూడుసార్లు చెయ్యి దురద పెట్టింది. రోజూ ఆరూ నలభైకి వాళ్ళతో పాటు తనూ టికెట్టు కొని వెనక వరసలో నిలబడ్డాడు. పోయిన జనం కొంత కొంతగా తిరిగొచ్చారు.

రెండు నెలలకు ఒక అధికారి వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసి వెళ్ళాడు. మరో నెలకు ఉత్తర్వు వచ్చింది. ముప్ఫై స్టేషన్లలో ఆరు చోట్ల బండి తిరిగి ఆగుతుంది, ఈ ఊరితో సహా. పాలక పార్టీ వాళ్ళు రాత్రికి రాత్రే స్టేషను ముందు ‘ప్రజల మాట విన్న ప్రధాని’ అని బ్యానరు కట్టారు. అన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేని తన పార్టీ రాజధాని ఆఫీసు కూడా మేలుకుంది. పార్టీ సాగించిన పోరాటం మీద వెంటనే ఒక నివేదిక పంపమని ఫోను. ఆయన రెండు వాక్యాలు రాసి పంపాడు. ‘ఈ పోరాటంలో మన పార్టీ ఒక రోజు పాల్గొంది. ఆ రోజు తర్వాత జనం తగ్గారు.’ పార్టీ పత్రికలో మొదటి వాక్యం మాత్రమే వచ్చింది. అందులోంచి ‘ఒక రోజు’ అన్న ముక్క తీసేశారు.

రాజీనామా చేస్తారా అని భార్య అడిగింది. చేసి ఎక్కడికి పోను అన్నాడు ఆయన. అవతలి పక్షం గడప తొక్కలేడు, ఇవతలి పక్షం లేచి నిలబడదు. మూడో దారి ఏదీ ఆయనకు కనిపించలేదు.

బండి ఆగిన మొదటిరోజు ఆయన కూడా ఎక్కాడు. పెట్టెలో లేతు అతను కనబడగానే నలుగురు లేచి చోటిచ్చారు. ఖండన గారు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని పట్నం దాకా నిలబడే వెళ్ళాడు. ఆ అర్జీ రాసింది ఆయనేనని పెట్టెలో సగం మందికి తెలుసు. అయినా ఎవరూ జరగలేదు. కడుపులో చురుక్కుమంది. అనుకున్నంత తేలిగ్గా పోయేది కాదది.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, బండి ఇంకా ఆగని మరో స్టేషను నుంచి ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి మేడగది వెతుక్కుంటూ వచ్చారు. గోడ మీది నాయకుడి ఫోటో చూసి గుమ్మంలోనే తటపటాయించారు. “మీ తోడల్లుడుగారు పంపారండీ. చాలా పెద్దమనిషి” అంది ఆ ఆడమనిషి.

పెద్దమనిషే అన్నాడు ఖండన గారు, కాస్త కష్టం మీద. ఆ ఫోటో కింద కూర్చోవడం వాళ్ళకు ఇష్టం లేదని గ్రహించి, నాలుగు తెల్లకాగితాలు తీసుకుని, తలుపు దగ్గరికి లాగి, కింద టీకొట్టు దగ్గర కూర్చుందాం రమ్మని వాళ్ళకంటే ముందు మెట్లు దిగాడు.