ఎదురొచ్చిన సర్పంచ్

మద్దిలేటి చనిపోయిన నెలకే కృష్ణా నది ఊరి మీదికి బయలుదేరింది.

పంచాయతీ సెక్రెటరీ రవి పరుగున వచ్చి, చెప్పులతోనే వరండా ఎక్కాడు.

"సర్పంచమ్మా, గద్వాల నుంచి ఫోనొచ్చింది. పైనుంచి మస్తు నీళ్ళు వస్తున్నయంట. మధ్యాహ్నంకల్లా మన ఊర్లకొస్తయి. అందర్నీ మిట్ట మీది బడికి ఎక్కియ్యాలె."

జములమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ప్రతి మాటా అర్థమైంది. ఏదీ లోపలికి దిగలేదు. బీచుపల్లి దగ్గర మొగుడు మద్దిలేటి మోటార్ సైకిల్‌ను లారీ గుద్దిందని కబురొచ్చిన రోజు నుంచీ అంతే. అన్నం నోట్లోకి పోతోంది, రుచి లేదు. పక్కన ఎవరో ఏడుస్తుంటే చూస్తోంది, ఏడుపు రావడం లేదు.

"మైకుల చెప్పు," అంది.

"చెప్తుంటెనే కరెంటు పోయింది. ఇంటింటికీ తిరిగిన. 'మద్దిలేటన్న చెప్తే కదులుతుంటిమి, నువ్వేంది పిల్లగా' అంటుండ్రు. కొందరైతే కదిలిండ్రు."

నిజమే. మూడేళ్ళ కిందట మహిళల రిజర్వేషన్‌లో గెలిచింది జములమ్మ. సర్పంచ్‌గిరీ చేసింది మద్దిలేటి. వనపర్తిలో మహిళా సర్పంచులకు శిక్షణ పెడితే ముందు కుర్చీల్లో మొగుళ్ళు కూర్చున్నారు, వెనక చాప మీద సర్పంచులు. అది చూసి, శిక్షణ ఇచ్చే సంస్థ వాళ్ళు పద్ధతి మార్చారు. ఒక్కో సర్పంచ్ ఇంటికి ఒక్కో మనిషిని పంపారు. జములమ్మకు దొరికింది గద్వాలలో రిటైరైన హెడ్మిస్ట్రెస్ రహీమున్నీసా.

మొదటిరోజు ఆవిడ అడిగింది. "ఊర్ల ముందుగాల ఏ పని కావాలె?"

"బోరు మేడం," అన్నాడు మద్దిలేటి.

"నిన్ను అడగలే బాబూ."

"గామెకేం తెల్సు మేడం?"

"అట్లనా? జర పోయి చాయ్ పట్టుకొనిరా. తొందర లేదు. బర్రెను పిండి, కాగబెట్టి, చల్లారబెట్టి మళ్ళ కాగబెట్టి తే."

మద్దిలేటి పగలబడి నవ్వి బయటికి పోయాడు. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా తనంతట తానే లేచేవాడు. "నేను బర్రెను పిండనీకి పోతున్న."

ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఆవిడ ఏదీ చెప్పేది కాదు. అడిగేది, ఆగేది. జములమ్మకు ఒళ్ళు మండేది.

"సదువుకున్నదానివి, నువ్వే చెప్పరాదు మేడం?"

"నేను చెప్పి బస్సెక్కుత. రేపు ఎవర్ని అడుగుతవు?"

మొదటి ఏడాదంతా జములమ్మ జవాబు ఒకటే: తెల్వదు. రెండో ఏడు గ్రామసభలో లేచి, మొగుడి మాటకు అడ్డుపడి, నల్లా పైపు ముందు దిగువ వీధికి వేయించింది. మద్దిలేటి చనిపోయాక రాజీనామా చేస్తానంటే రహీమున్నీసా వద్దనలేదు. "చెయ్యి. ఎందుకో నాకు చెప్పి చెయ్యి," అంది. జములమ్మ కారణం వెతికింది. దొరకలేదు. రాజీనామా అక్కడే ఆగింది.

ఇప్పుడు లేచి నిలబడింది.

అత్త బాలమ్మ తలుపుకు అడ్డం వచ్చింది. "ఏడాది తిరగకముందే గడప దాటుతవానే? ఊరు మొకాన ఊంచుతది."

"దాటుత అత్తా. నువ్వు గూడ దాటాలె."

ఊళ్ళో దారి ఒకటే. ఏటిగడ్డ నుంచి మిట్ట మీది బడి దాకా. జములమ్మ ఇల్లు నడిమధ్యలో. ఆమె దిగువకు నడిచింది. సత్తెమ్మ వాళ్ళ ఎద్దులబండి సామానుతో అప్పుడే కదిలింది. సత్తెమ్మ తల ఎత్తి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఆగయ్యా! ఎదురొచ్చింది."

బండి ఆగింది. అందరూ దిగి లోపలికి పోయారు. మొగుడు పోయిన మనిషి ఎదురైతే బయలుదేరినవాళ్ళు వెనక్కి పోవాలి, కాసేపు కూర్చోవాలి, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఆ ఇంటి వెనక ఇంకో ఇల్లు. ఆ పైన ఇంకోటి. వీధి కదిలినట్టే కదిలి ఆగిపోయింది.

రవి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సర్పంచమ్మా, ఏమనుకోకు. నువ్వు జర ఇంట్లకు..."

ఆమె ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి లోపల ఎవరూ లేనట్టుంది. రవి చేతిలోని సెల్‌ఫోన్ తీసుకుని రహీమున్నీసాకు కలిపింది.

"మేడం, ఊరు కదుల్తలేదు. ఏం చెయ్యమంటవు?"

"నేను గద్వాలల ఉన్న బేటీ. నాకేం కనబడతది? నువ్వు చూసి చెప్పు."

"బయటికొస్తుండ్రు. నన్ను చూసి లోపలికి పోతుండ్రు."

"ఏటికి భయపడతలేరా?"

"ఏరు ఇంక కనబడలే. నేను కనబడ్డ."

ఓదార్పు వస్తుందేమోనని రవి ఫోన్ దగ్గరికి చెవి పెట్టాడు. రాలేదు.

"భయపడ్డోళ్ళు ఎటు ఉరుకుతరు?"

జములమ్మ వీధిని కింది నుంచి పైదాకా చూసింది. "నేను లేని దిక్కుకు," అంది. ఫోన్ రవికి ఇచ్చేసింది.

ఇళ్ళ వెనక సందులో పడి ఏటి వైపు చివరికి నడిచింది. అక్కడి నుంచి మొదలుపెట్టింది. సత్తెమ్మ దొడ్డి తలుపు తోసి నేరుగా నడింట్లోకి వెళ్ళింది. సత్తెమ్మ చేతిలో చెంబు జారింది.

"ఓయమ్మో! ఇంట్లకే వచ్చినవా తల్లీ!"

"వచ్చిన. ఈ మంచం మీదనే కూసుంట. నువ్వుంటవా, పోతవా?"

ముందు తలుపులోంచి సత్తెమ్మ కుటుంబమంతా వీధిలో పడింది. పైకి పోతే జములమ్మ వీపు వెనక ఉంటుంది. వెనక్కి తిరిగితే మొహాన ఉంటుంది. ఎవరూ తిరగలేదు. జములమ్మ పక్కింటి దొడ్డి తలుపు తోసింది. తర్వాత ఆ పక్కది.

టీవీ మరిచిపోయానని సత్తెమ్మ మొగుడు సగం దారి నుంచి వచ్చాడు. వీధి నడుమ నిలబడ్డ జములమ్మను చూసి గుంజకు కట్టేసినట్టు ఆగాడు.

"నీ మొకాన మన్నువడ! పక్కకు జరుగు!"

"పడనీ. పైకి పో."

ఉమ్మేసి వెనక్కి తిరిగాడు. తిట్టు ఎక్కడో ఒకచోట తగలాలి. ఎక్కడా తగల్లేదు.

నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చాయి. ముందు గడపల కింద నుంచి, తర్వాత వీధి పొడుగునా, ఎర్రగా. నడి వీధికి చేరేసరికి జములమ్మ పిక్కల దాకా తడిసింది. పై ఇళ్ళవాళ్ళు కిందివాళ్ళను చూసి ముందే కదిలారు. మిగిలింది తన ఇల్లే.

బాలమ్మ తన కొడుకు మంచం మీద కూర్చుని ఉంది. జములమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది. ముసలామె కదల్లేదు.

"నాకేం శకునమే? నేను గూడ నీ తీరుదాన్నే. నీకంటే ముందుగాల."

ఊరంతటి మీదా పనిచేసిన ఆయుధం ఇక్కడ పనిచేయలేదు. నీళ్ళు మంచం కోళ్ళను తాకాయి. లాక్కుపోదామని జములమ్మ చెయ్యి పట్టుకుంది. బాలమ్మ విదిలించింది. ఇంకోసారి పట్టుకోలేదు. పక్కన కూర్చుంది.

"అత్తా, నిన్ను ఇడిసి పొమ్మంటే పోత. పోయి ఎవరింట్ల ఉండాలె, నువ్వు చెప్పు."

"మీ అమ్మగారింట్ల ఉండు."

"ఆడ ఆయన ముచ్చట ఎవరు చెప్తరు నాతోని?"

బాలమ్మ నీళ్ళ వైపు చూసింది. కోడలి వైపు చూసింది. కాళ్ళు కిందికి దించింది. "చీర కొంగు గట్టిగ దోపుకో," అంది. "వాగు దాటేటప్పుడు వాడు గట్లనే చెప్పేటోడు."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మిట్ట ఎక్కారు. బడి ముందు ఊరంతా నిలబడి కిందికి చూస్తోంది. ఇద్దరు విధవలు ఎదురు వస్తున్నారు. ఎవరూ లోపలికి పోలేదు.

"ఎవరన్న తక్కువున్నరా?" జములమ్మ రవిని అడిగింది.

"అందరున్నరు సర్పంచమ్మా."

సంతోషం కోసం ఆగింది. రాలేదు.

జనంలోంచి సత్తెమ్మ మొగుడు వచ్చాడు. తల దించుకోలేదు, పక్కకు జరగలేదు. ఆమె ముఖంలోకే చూసి అడిగాడు.

"పిల్లలకు ఆకలైతుంది. పొయ్యి యాడ పెట్టమంటవు?"

"గాలి తగలని దిక్కు. ఆ గోడ చాటుకు."

అతను రాళ్ళు ఏరడానికి ఆమెను దాటుకుని వెళ్ళాడు. తడి చీర పిక్కలకు అంటుకుని ఉంది. చలిగా ఉందని జములమ్మకు అప్పుడు తెలిసింది.