భూషణం తొమ్మిది రోజులు

నేను ఒక స్టీలు బెడ్‌పాన్‌ను. రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాతోపాటు తయారైన పళ్లేలు పెళ్లి భోజనాలకు వెళ్లాయి. నన్ను గోనెలో చుట్టి బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ల ఆశ్రమానికి పంపారు. నన్ను చూడగానే మనుషులు ముక్కు మూసుకుంటారు. వాళ్లను చూస్తే నాకెంత రోతో ఎవరూ అడగలేదు.

నా చోటు భూషణం మంచం కింద. ఆయనకు అరవై రెండేళ్లు. మాటలు పదో పదిహేనో వచ్చు. మోకాళ్లు పట్టేసి మరుగుదొడ్డి దాకా నడవలేడు. అంత నెమ్మదస్తుడు ఉన్నట్టుండి అన్నం పళ్లెం తోసేయడం మొదలుపెట్టాడు. పిడికిళ్లతో పొట్ట మీద గుద్దుకునేవాడు. ఓ పొద్దున పక్కమంచం మీదున్నాయన చెయ్యి పట్టుకుని కొరికాడు.

"పిచ్చి ముదిరింది" అని తేల్చాడు వార్డెన్ పట్టాభి. ఆయన పిలిపించిన డాక్టరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుమ్మంలోంచే రోజూ వేసే మత్తుమాత్ర రెండింతలు చేసి వెళ్లాడు. అసలే కదలని పేగులు ఆ మాత్రతో మరీ మొద్దుబారాయి. నేను ఖాళీగా ఉన్నానని ఎవరికీ పట్టలేదు. కడిగే పని తప్పిందని సంతోషించారు.

సెలవు నుంచి తిరిగొచ్చిన ఆయా సువార్త నన్ను కడగబోయి ఆగిపోయింది. మిగతా ఆయాలను అడిగి, భూషణం పొట్ట తడిమి, సరాసరి వార్డెన్ దగ్గరకు వెళ్లింది.

"అయ్యగారూ, భూషణంగారు దొడ్డికెళ్లి తొమ్మిది రోజులైందంటండి. పొట్ట రాయిలా ఉందండి."

"తినేటప్పుడా ఆ మాటలు? నీ పని నువ్వు చూసుకో" అన్నాడు పట్టాభి ఇడ్లీ తుంచుతూ.

"ఇదేనండి నా పని."

ఆటో పిలిచి భూషణాన్నీ నన్నూ ఎక్కించింది. పెద్దాసుపత్రిలో పొట్ట నొక్కి చూసిన డాక్టరమ్మ మండిపడింది.

"ఇంకో రెండ్రోజులాగితే పేగు చిరిగేది. నొప్పని చెప్పలేని మనిషికి మత్తిచ్చి పడుకోబెడతారా?"

ఎనిమా ఇచ్చారు. నల్లటి గడ్డలతో మూడుసార్లు నిండాను. వార్డంతా కంపు. సువార్త మాత్రం ఆయన నడుం పట్టుకుని "అయిపోయిందయ్యా, అయిపోయింది" అంటూనే ఉంది. భూషణం వెక్కివెక్కి ఏడ్చి, కాసేపటికి "గంజి" అన్నాడు. డాక్టరమ్మ మత్తుమాత్ర సగానికి సగం తగ్గించింది.

ఆశ్రమానికి తిరిగొచ్చాక పట్టాభి ఫైలు తెరిచి, పైకి చదువుకుంటూ రాశాడు: "మాత్ర పెంచడం వల్ల ప్రవర్తన బాగుపడినది." తరువాత నన్ను వేలితో చూపించి, కంపు కొడుతోంది, పారేయమన్నాడు.

ఇప్పుడు పాత సామాన్ల కుప్పలో బోర్లా పడి ఉన్నాను. ఇన్నేళ్లూ మోసిన మలం నీళ్లు పోస్తే పోయేది. ఆయన రాసిన ఆ వాక్యం ఇంకా ఫైలులోనే ఉంది.