సీలు వేసిన చప్పుడు

జగ్గయ్యపేట దాటాక గుట్ట కింద చిన్న పాలెం ఉంది. గుట్ట మీద కంకర క్రషర్ పడ్డ నాటి నుంచి అక్కడి మనుషులకు అరిచి మాట్లాడుకోవడం అలవాటైంది. రాతి దుమ్ముకు భయపడి అన్నం గిన్నెల మీద తడిగుడ్డ కప్పకుండా ఎవరూ పక్కకు కదిలేవారు కాదు. ఆటో నడుపుకునే బుడే సాహెబ్ పట్టుబట్టి కాలుష్య నియంత్రణ మండలికీ, అక్కడ పని కాక హరిత ట్రిబ్యునల్‌కీ వెళ్లాడు. ఇళ్లకు అంత దగ్గరలో క్రషర్ నడపకూడదని తీర్పు వచ్చింది. మండలి వాళ్లు కరెంటు తీయించి, గేటుకు సీలు వేసి వెళ్లారు.

ఆ వారమంతా పాలెం కొత్తగా ఉంది. బుడే సాహెబ్ భార్య వలీబీకి తన గాజుల చప్పుడు తనకే వింతగా తోచింది. కోడలు తబస్సుం ఆ రోజుల్లోనే ఆడపిల్లను కన్నది.

తర్వాత ఒక ఉదయం, మగవాళ్లు పనులకు బయల్దేరుతుండగా, రాయి నలిగే చప్పుడు మళ్లీ మొదలైంది. దొంగతనంగా జనరేటర్ పెట్టి నడుపుతున్నారని అందరూ గుట్టెక్కారు. గేటుకు సీలు వేసింది వేసినట్టే ఉంది. బెల్టు మీద నిలిచిన వాన నీళ్లు కదలడం లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. అక్కడ నిలబడి చెవి పెడితే అది కింద నుంచి, తమ ఇళ్లలోంచి వస్తోంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దిగి వచ్చారు.

బుడే సాహెబ్ మళ్లీ ఫిర్యాదు పెట్టాడు. మండలి నుంచి ఆమని అనే ఇంజనీరు వచ్చి, వలీబీ వాకిట్లో శబ్దం కొలిచే మీటరు నిలబెట్టింది. కాసేపటికి ఇంట్లోవాళ్లంతా ఒక్కసారే గొంతు పెంచారు. వాళ్ల మాటలకు లేచిన మీటరు అంకె, మాట ఆగగానే దిగిపోయింది. ఆ మధ్యలో ఆమనికి కోళ్లు నేల కెలకడం తప్ప ఏమీ వినపడలేదు. ఇళ్లున్న చోట పగలు యాభై అయిదు డెసిబెల్స్ దాటకూడదని, ఇక్కడ అంతకంటే చాలా తక్కువే ఉందని చెప్పబోయి ఆగిపోయింది. వలీబీ ఆమె కోసం తెచ్చిపెట్టిన గ్లాసులో నీళ్లు సన్నగా వలయాలు తిరుగుతున్నాయి. ఉయ్యాల్లో అంతకుముందు గుక్కపట్టిన పసిపిల్ల అప్పటికే ఊరుకుని నిద్రలోకి జారింది.

రోజూ ఇంతేనా అని అడిగింది ఆమని.

"చప్పుడు మొదలైతేనే పడుకుంటదండి," అంది తబస్సుం. "కడుపులో ఉన్నప్పటి నుంచీ విన్నదే గదా."

మీటరు చూపించిందే ఆమని రిపోర్టులో రాసింది. నీళ్ల సంగతి రాయడానికి అందులో చోటు లేదు.

ఆ ఫిర్యాదే పాలెం మెడకు చుట్టుకుంది. క్రషర్ యజమాని రత్నబాబు దాన్ని పట్టుకుని తీర్పు తిరగతోడాలని ట్రిబ్యునల్‌కి వెళ్లాడు. ఆగిపోయిన యంత్రం వినపడుతోందనే మనుషులు, నడిచేటప్పుడు చెప్పిందైనా నిజమేనా అని అతని లాయరు అడిగాడు. సంగతి తేల్చడానికి వేసిన కమిటీ నందిగామలో విచారణ పెట్టింది.

బుడే సాహెబ్ అప్పటిదాకా ఏ అర్జీలోనూ లేనిది రాయలేదు. బయల్దేరే ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఇప్పుడు చప్పుడు లేదని చెప్పాలా అని వలీబీని అడిగాడు.

"అబద్ధం చెప్పినా చెప్పకపోయినా అది మనతోనే ఉంటది," అంది వలీబీ. "క్రషర్ తెరిస్తే రెండూ ఉంటయ్."

ఆ చప్పుడు పాలెం పొలిమేర దాటి ఎన్నడూ రాలేదు. ఆటో హైవే ఎక్కగానే తెగిపోయేది. నందిగామ హాల్లో కూడా అంతా నెమ్మదిగానే ఉంది. ఇప్పుడు మీ ఊళ్లో చప్పుడు ఉందా అని కమిటీ పెద్ద అడిగాడు. బుడే సాహెబ్ నోరు తెరిచేసరికి అది మొదలైంది. వెనక వరసలో కూర్చున్న వలీబీకి ఆ అదురు నేలలోంచి అరికాళ్లకు ఎక్కింది.

"లేదండి! ఏ చప్పుడూ లేదు!" అని అరిచాడు బుడే సాహెబ్.

అందరూ తిరిగి చూశారు. మేం పక్కనే ఉన్నాం, ఎందుకు పెద్దాయనా అంత గట్టిగా అని కమిటీ పెద్ద నవ్వాడు. అతనికేమీ వినపడ్డం లేదు. మండలి తరఫున వచ్చి ఆ పక్కన రాసుకుంటున్న ఆమని మాత్రం కలం ఆపి పైకప్పు వంక చూసింది.

క్రషర్ తెరవడానికి వీల్లేదని ఉత్తర్వు ఖాయమైంది. రత్నబాబు యంత్రాలు విప్పించి లారీల్లో తీసుకుపోయాడు. గుట్ట మీద సిమెంటు దిమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు. చప్పుడు మాత్రం రోజూ పొద్దున్నే వస్తూనే ఉంది. పాలెం వాళ్లు దాని మాట బయటివాళ్ల దగ్గర ఎత్తరు. పొద్దున పూట ఇంటికి చుట్టాలు రాకుండా చూసుకుంటారు.

వానలు పడ్డాక వలీబీకి ఆమని ఫోన్ చేసింది. వేరే ఊరికి బదిలీ అయిందట. అద్దె ఇంటి చుట్టుపక్కల క్రషర్ గానీ మిల్లు గానీ లేదట. ముందు పసిపిల్లను గురించి అడిగింది.

"వలీబీ గారూ, ఎన్నాళ్లకి అలవాటవుద్దండీ?"

బయటివాళ్లకు చెప్పకూడదనుకున్న మాట వలీబీకి గుర్తుంది. లేచి తలుపు దగ్గరగా వేసింది.

"అలవాటు కాదమ్మా," అంది. "పొద్దున్నే ఏదో ఒక పని పెట్టుకో. మాట్లాడే మనిషిని పక్కనుంచుకో. ఒక్కదానివి మాత్రం ఉండమాక."