డ్రమ్మును లేపిన గాలి

"గట్ల కాదు బిడ్డా, ఆ ముక్క కొట్టేయి. భీమయ్యకు అట్ల చెప్తే ఎక్కదు. మొదటికెళ్లి రాయి."

చెన్నయ్య అరుగు మీద గోడకు ఆనుకుని, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ అన్నాడు. మనవరాలు ప్రియ ఫోనులో రాసినదంతా మూడోసారి చెరిపేసింది.

ఆ సందేశం మానవపాడులో ఉండే తమ్ముడు భీమయ్యకు. పొద్దున భీమయ్య కోడలు ధనలక్ష్మి ఫోన్ చేసింది. గోబర్ గ్యాస్ డ్రమ్ముకు రంగు వేయించి, నిన్ననే మళ్లీ పెండ గుంతలో బోర్లించారట. ఒక్క రోజుకే డ్రమ్ము రొమ్ము ఎత్తున నిలబడిందట. పొయ్యి మాత్రం బుస్సుమంటోంది గానీ అంటుకోవడం లేదు. పైపులో ఏదో అడ్డం పడిందనీ, మధ్యాహ్నం మిరపచేను నుంచి వచ్చి డ్రమ్ము దగ్గరే అగ్గిపుల్ల గీసి చూస్తాననీ చెప్పి భీమయ్య వెళ్లిపోయాడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. కోడలు వద్దంటే ఆగే మనిషి కాదు.

"నువ్వే మాట్లాడి పంపరాదు తాతా, గొంతు రికార్డయితది," అంది ప్రియ.

"నా గొంతు ఇంటే ఫోన్ బోర్లేస్తడు. ఆ డ్రమ్ము పెట్టుకొమ్మన్నది నేనే గదా. కోడలు సదివితే కూసోని ఇంటడు. రాయి. డ్రమ్ము దించేటప్పుడు దాని మీది గ్యాస్ ట్యాప్ మూసే దించినవ్ గద తమ్మీ? గ్యాస్ పోతదేమోనని మూసినవ్. పోనీకి అండ్ల గ్యాస్ యాడుంది? ఉత్త గాలి. ఆ గాలి బయటికి పోనీకి తొవ్వ లేక, డ్రమ్మును నెత్తిన పెట్టుకోని నిలబడ్డది."

"అయితే అండ్ల గ్యాసే లేదా?"

"నిన్నటికెళ్లి జరంత ఊరుతుంటది. అదే పరేషాన్. రెండు కలిసినయ్."

"మా పుస్తకంల దీన్ని పాక్షిక పీడనం అంటరు తాతా."

"ఆ పేరు చెప్తే దవాఖానకు పోవాల్నేమో అనుకుంటడు. నువ్వు గిట్ల రాయి. ఇంట్ల ఊదుబత్తి ముట్టిచ్చి, పక్కకే మిరపకాయలు వేయించు. ఊదు వాసన ఒక మూలకు, ఘాటు ఒక మూలకు కూసుంటదా? రెండూ ఇల్లంత నిండుతయ్. డ్రమ్ముల గాలి, గ్యాస్ కూడ గంతే. దేనికీ వేరే అర్ర లేదు. ఎవరి జోరు వాళ్లు పెడ్తరు, అన్ని జోర్లు కలిస్తే డ్రమ్ము లేస్తది. బయటికెళ్లి సూస్తే లేసిందే కనవడ్తది, ఎవరెంత లేపిన్రో తెల్వదు."

ప్రియ రాసింది చదివి వినిపించింది. చెన్నయ్య తల ఊపాడు గానీ పంపమనలేదు. తమ్ముడు ఏమంటాడో అతనికి తెలుసు. నువ్వు డ్రమ్ము లోపలికి పోయి చూసొచ్చినవా అంటాడు.

లోపలి నుంచి చెన్నయ్య భార్య సత్యమ్మ కందిపప్పు చేటతో వచ్చి గడపలో కూర్చుంది. "ఊదుబత్తీలు, మిరపకాయలు అన్నీ అయినయ్. కనుబొమ్మల ముచ్చట రాయించినవా?"

"నీకెందుకే ఇప్పుడది?"

"నాకెందుకు, నీ తమ్ముని మూతికి. వానికి కాలనీకి మీసాలు గూడ ఉన్నయ్."

ప్రియ తాత ముఖంలోకి చూసింది. "గడ్డి కాలవెడ్తుంటే మంట తాకిందన్నవు గద తాతా?"

చెన్నయ్య కనుబొమ్మలు తడుముకున్నాడు. పోయిన ఎండాకాలం అందరికీ చెప్పిన అబద్ధం అది. అసలు సంగతి తెలిస్తే తమ్ముడు పెళ్లిళ్లలో కూడా చెప్పుకుని నవ్వుతాడని దాచాడు. ఇప్పుడు ఎండ అరుగు సగం దాకా వచ్చింది. భీమయ్య చేను నుంచి ఇంటికొచ్చే వేళ అయింది.

"రాయి," అన్నాడు. "తమ్మీ, నా కనుబొమ్మలు గడ్డికి కాలలే. నేను గూడ ట్యాప్ మూసే డ్రమ్ము దించిన. పొయ్యి అంటుకుంటలేదని పైపు కొసకు అగ్గిపుల్ల పెట్టిన. గాలి, గ్యాస్ కలిసున్నయ్ గద, మంట పైపు లోపలికే ఉరికింది. అంత బరువు డ్రమ్ము ఎగిరి పడ్డది. నా మొఖం మీదికి ఒక్క సెగ వచ్చిపోయింది. నీకు చెప్పనీకి సిగ్గయింది."

ప్రియ అదంతా అలాగే రాసింది.

"ఇంగ ఇది గూడ రాయి. పొయ్యిల నిప్పు ఆర్పుండ్రి. బీడీ గూడ వద్దు. ట్యాప్ తెరిచి, డ్రమ్మును కిందిదాక కూసోనియ్యాలె. మళ్లీ మూయాలె. అదే నిండుతది. ఆ మొదటి నిండుడు గూడ వదిలెయ్యాలె, రెండోది గూడ. ఒక్కోసారికి పాత గాలి వాటా తగ్గుకుంట వస్తది. మూడోసారి పొయ్యి కాన్నే ముట్టియ్యాలె, డ్రమ్ము కాడ ఎన్నడు గూడ ముట్టియ్యద్దు."

"అయింది తాతా. పంపాల్నా?"

"ఆగు. కింద కోడలికి ఒక్క ముక్క. ధనలక్ష్మీ, అగ్గిపెట్టె తీసి నీ కొంగున కట్టుకో బిడ్డా. మీ మామ చేనుకెళ్లి వచ్చినంక కాళ్లు కడుక్కోని కూసోనియ్యి. బువ్వ పెట్టకముందే ఇదంత మెల్లగ సదివి ఇనిపియ్యి. కనుబొమ్మల కాడ నవ్వితే నవ్వనియ్యి, మళ్లొక్కసారి సదువు."