ఎడమపక్కకు తిరిగి

ఆమె తన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే భర్త అన్నాడు, ఇంట్లో పడుకుంటే బద్ధకం, అక్కడికెళ్ళి పడుకుంటే ఉద్యోగమూనా అని. అత్తగారు నవ్వింది. ఆమె కాలరు తిరగేసి మళ్ళీ రుద్దింది. తెల్లారకముందే లేచి నలుగురికీ వండి, గిన్నెలు తోమి, అత్తగారి మోకాళ్ళకు మందు రాసి ఇస్త్రీ దాకా వచ్చింది. అయినా ఆ ఇంట్లో ఆమె ఒళ్ళు చూసిన ఎవరికీ ఆ ఒళ్ళు చేసే చాకిరీ కనపడదు, తినే తిండే కనపడుతుంది. ఇంకో ముద్ద తగ్గించుకోరాదూ అని అత్తగారు అనేది కూడా ఆమె వడ్డిస్తుండగానే.

నిజానికి అది ఉద్యోగమే. వారానికి రెండు రోజులు మెడికల్ కాలేజీలో బల్ల మీద పడుకుంటుంది. లావుపాటి మనిషిని ఎలా పరీక్షించాలో విద్యార్థులు ఆమె దగ్గర నేర్చుకుంటారు. ఆ పని ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసమని రెండేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగింది. బరువు తగ్గి రమ్మన్నవాళ్ళే గాని బల్ల మీద పడుకోమన్నవాళ్ళు లేరు. కడుపు మాడ్చుకుని కాస్త తగ్గింది, ఆయాసం మాత్రం తగ్గలేదు. చివరికొక పెద్ద డాక్టరమ్మ ఆమెను ఎడమపక్కకు తిప్పి, చేతి వెనకవైపుతో రొమ్ము పైకెత్తి, దాని కింద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. గుండెలో ఒక వాల్వు సన్నబడిందని అప్పుడు తేలింది. తర్వాత ఆవిడే కాలేజీకి పిలిచింది. విననివ్వనిది నీ లావు కాదమ్మా, మావాళ్ళ మొహమాటం అంది.

డాక్టరమ్మ రిటైరైపోయింది. ఇప్పుడు పరీక్షలు చూసేది కొత్త లెక్చరరు. పరీక్ష రోజున బల్ల మీద పడుకునే ఆమె చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది. విద్యార్థి సరిగ్గా పరీక్షించాడా లేదా అన్న ఒక్క మార్కు ఆమెది. అది రాకపోతే తక్కినవన్నీ వచ్చినా తప్పినట్టే.

ఆ రోజు మూడోవాడు ఎంతో నెమ్మదస్తుడు. చలిగా ఉందామ్మా అని అడిగి దుప్పటి సర్దాడు. ఆ దుప్పటి మీదే, రొమ్ము పైనే స్టెతస్కోపు రెండు క్షణాలుంచి, తల తిప్పుకుని తీసేశాడు. ఎడమపక్కకు తిరగమననేలేదు. గుండె చప్పుడు మామూలే అని రాసుకున్నాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆమెకు వాడు నచ్చాడు. చలేస్తోందా అని ఆమెను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో.

"పాపం, అంత ఒంట్లో వాడికి మాత్రం ఏం వినపడుతుందండీ? ఆ మార్కు వేసెయ్యండి," అన్నాడు లెక్చరరు. వచ్చే ఏడు ఎవరిని పిలవాలో ఆ జాబితా తనే రాస్తానని కూడా మాటల్లో కలిపాడు. ఆమెకు భయమేసింది. ఈ రెండు రోజులూ పోతే ఇక వారమంతా ఆ ఇల్లే. కానీ వీడు రేపు ఏదో ఆసుపత్రిలో కూర్చుంటాడు. మెట్లెక్కలేక రొప్పుతూ ఒకావిడ వస్తుంది. ఆవిడనూ ఇంత తియ్యగా పలకరించి, దుప్పటి కప్పి, బరువు తగ్గమని పంపేస్తాడు. ఆ రెండేళ్ళు గుర్తొచ్చి ఆమెకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

ఆమె కాగితం మీద సున్నా వేసింది. కుర్రాడి మొహం పాలిపోయింది. లెక్చరరు గడియారం చూసుకున్నాడు. ఆమె మళ్ళీ పడుకుని, తనే ఎడమపక్కకు తిరిగింది.

"రా బాబూ. చేతి వెనకవైపుతో ఎత్తు. వినపడేదాకా తియ్యకు."

వాడు ఆమె చెప్పినట్టే ఎత్తి, స్టెతస్కోపు ఆనించాడు. నిమిషం గడిచింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఇంకాసేపు విన్నాడు.

"అమ్మా, నేను రాసింది తప్పు. మార్చుకోనా?"

"వద్దు నాన్నా. మార్కు నువ్వు రాసినదానికి. ఇప్పుడు విన్నది మాత్రం నా తర్వాత వచ్చే ఆవిడ కోసం."