కప్పు లేని ఆవిరి

అరణిలో అణగి, రాతిలో దాగి, ఇల్లాలి చేతికింద పెంపుడు ప్రాణిలా ఒదిగి, మరుక్షణంలోనే విశ్వరూపం చూపగల హవ్యవాహనా, నీకు నమస్కారం. నిన్ను నమ్మి చలిదేశంలో బతికే వారి కథ ఒకటి చెప్పబోతున్నాను. నా మాట హద్దు తప్పకుండా కాచి నడిపించు.

ఫిన్లాండులో మా సరస్సు ఒడ్డున మా పొరుగు ముసలాయన యల్మరి తన చేతులతో కట్టుకున్న పొగ సౌనా, అంటే ఆవిరిస్నానపు గది, ఉండేది. దానికి పొగగొట్టం లేదు. పొయ్యిమీద పేర్చిన రాళ్లు కాగేదాకా పొగ గదిలోనే సుళ్లు తిరిగి, తలుపులోంచీ గోడకున్న చిన్న కంతలోంచీ బయటపడేది. ఏళ్ల తరబడి పట్టిన మసితో గోడలూ కప్పూ కాటుకవన్నె తేరి ఉండేవి. పొద్దున రాజేస్తే సాయంత్రానికి గాని స్నానయోగ్యం కాదు. నిప్పు చల్లారి, పొగ తొలగిపోయాక, ఆ చీకట్లో బల్లమీద కూర్చుని రాళ్లమీద గరిటెడు నీళ్లు పోస్తే, లేచిన ఆవిరి తల్లి చెయ్యిలా వీపు నిమిరేది. అక్కడ నడుమునొప్పితోపాటు పొరుగువాడిమీది పంతం కూడా కరిగేది. నా పంతాలు కొన్ని అక్కడే కరిగాయి.

ఒక చలికాలంలో యల్మరికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. భార్య హెల్వి వసంతమంతా ఎత్తి, దించి, తినిపించి, చివరకు తనే నడుము పట్టేసి కొన్నాళ్లు మంచాన పడింది. పట్నంలోని సంరక్షణాలయం వారు అతన్ని తీసుకుపోవడానికి బండి పంపుతామన్నారు. వెళ్లే ముందురోజు, అతని సౌనాలో అతనికి ఒక్క స్నానం చేయించాలి. ఆమె కోరినది అంతే.

నిప్పు రాజేయడం ఎప్పుడూ యల్మరి పనే. సన్నగా చీల్చిన కట్టెలే వేసేవాడు. నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని, మంట ఆరేదాకా గడప వదిలేవాడు కాదు. ఈసారి అతను చక్రాల కుర్చీలో పెరట్లో కూర్చున్నాడు. హెల్వి కట్టెలు మోసింది.

“అట్టా గుడ్లప్పగించి చూడకు. ఇన్నేళ్లూ పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలీదా ఏంటి?” అంది.

రాళ్లు బాగానే కాగాయి. అక్కడితో ఆపవలసింది. కాని చచ్చుబడిన ఆ పక్కకు వేడి ఇంకొంచెం ఎక్కువ తగలాలని ఆమెకు ఆశ పుట్టింది. ఈ ఒక్కరోజుకే కదా అనుకుని, చీల్చని మొద్దులు నాలుగు పొయ్యిలోకి తోసి, స్నానంలో ఒంటిని తట్టే భూర్జ చెట్టు కొమ్మల కట్ట నానబెట్టడానికి ఇంట్లోకి వెళ్లింది.

పలుచబడవలసిన పొగ చిక్కబడి పసుపుపచ్చగా మారడం యల్మరి చూశాడు. మంట నాలుక కప్పుకు పట్టిన మసిని అందుకోబోతోందని అతనికి తెలుసు. ఎడమచేత్తో కుర్చీ చెయ్యిని బాదాడు.

హెల్వి వచ్చి దుప్పటి కప్పింది. “చలేస్తోందా? కాస్త ఓపిక పట్టు, నాయనా. సాయంత్రం ఉడికిపోతావుగా.”

అతను మళ్లీ బాదాడు. ఆమె కాఫీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను సౌనా వైపు చెయ్యి చాచి, కప్పు తలకిందులుగా వంచి, కాఫీ అంతా నేలమీద ఒలకబోశాడు.

“రేపు పంపించేస్తున్నానని కాఫీ మీద కోపమా?” అంది హెల్వి. “నా చేత కాకనేగా. పోనీ, నామీదే పొయ్యరాదూ.”

యల్మరిని ఎత్తి బల్లమీద కూర్చోబెట్టడానికి రమ్మన్న పొరుగు టోయిమి అప్పుడే పడవ ఒడ్డుకు లాగాడు. “ఏంటి ముసలోడా, మొహం అట్టా పెట్టావ్? మా కరెంటు సౌనాని రొట్టెలు కాల్చే పెట్టె అని వెక్కిరించేవాడివిగా. ఇప్పుడు వెక్కిరించు చూద్దాం.”

యల్మరి ఖాళీ కప్పును సౌనా వైపు విసిరాడు. టోయిమి నవ్వాడు. ఆ నవ్వు ముగియకముందే సౌనా లోపల ఏదో పెద్దగా ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. తలుపులోంచి మంట బయటికి దూకింది.

టోయిమీ, మంట చూసి మా ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన నేనూ సరస్సులోంచి బకెట్లు మోశాం. అంత మంటకు అవి చెంచాలు. స్వచ్ఛంద అగ్నిమాపక దళం వారు వచ్చి ఇంటినీ చెట్లనూ తడిపి కాపాడారు. సౌనాను మాత్రం తగలబడనిచ్చారు. యల్మరి కళ్లు మూసుకోలేదు. హెల్వి నేలమీది కాఫీ మరకను చూస్తూ నిలబడింది.

“నీళ్లు పొయ్యమన్నావు” అంది. “నువ్వు చెప్తూనే ఉన్నావు.”

దళం వారు వెళ్లిపోయేసరికి జూన్ సాయంత్రపు వెలుగు ఇంకా తరగలేదు. నల్లని బూడిద నడుమ పొయ్యిరాళ్లు మాత్రం నిలిచి ఉన్నాయి, వేడి తగ్గకుండా.

“మా ఇంటికి పదండి. వేడి చేసి పెడతా” అన్నాడు టోయిమి. ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు.

యల్మరి ఎడమచెయ్యి రాళ్లవైపు లేచింది. అతన్ని సెగ ఓర్చగలిగినంత దగ్గరికి తోసుకుపోయాం. హెల్వి అతని చొక్కా విప్పి, గరిటెడు నీళ్లు రాళ్లమీద పోసింది. పాత చప్పుడే వచ్చింది. ఆవిరి లేచి, ఆగడానికి కప్పు గాని గోడ గాని లేక, తిన్నగా ఆకాశంలోకి పోయింది. ఆమె మళ్లీ పోసింది. అదీ పోయింది. అతని రొమ్ముకు సెగ తగులుతోంది. వీపుకు సరస్సు మీది చల్లగాలి కొడుతోంది. ఆమె కొమ్మల కట్టతో అతని కుడిభుజం మెల్లగా తట్టింది.

“తెలుస్తోందా?”

ఆ పక్కకు ఏదీ తెలియదు. అతను ఆవిరి పోయిన దారినే పైకి చూస్తున్నాడు. కాసేపటికి ఎడమచేతిని గిన్నెలా ముడిచి, రాళ్లవైపు వంచాడు.

ఈసారి హెల్వికి అర్థమైంది. కాని బకెట్టు ఖాళీ. టోయిమి దాన్ని తీసుకుని నీళ్లకు వెళ్లాడు. అతను వచ్చేదాకా యల్మరి చెయ్యి అలాగే వంగి ఉంది.

తెల్లవారి బండి వచ్చి అతన్ని తీసుకుపోయింది. తరువాత నేను బూడిదలోకి నడిచి రాళ్లమీద అరచెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

ఈ కథ విన్నవారి ఇళ్లలో అగ్ని హద్దులో నిలుచుగాక. నోరు లేనివారి చేతిసైగ పక్కనున్నవారికి వేళకు తెలియుగాక. అలసిన ప్రతి దేహానికీ ఆవిరిని ఆపే కప్పొకటి దొరుకుగాక.