కోతల పండుగలో వేలమైన గిటార్

కర్నూలులో జో ఆలూరుకు గట్టి అభిమానులు నలుగురే. నలుగురైతేనేం, నలభై మంది చేసేంత గొడవ చేస్తారు. ఆలూరు అనే ఊళ్ళో పుట్టిన ఏసేపు బెంగుళూరు పోయి జో ఆలూరు అయ్యాడు, రాక్ గిటార్‌లో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, ఇప్పుడు ఆత్మకథ కూడా రాశాడు. ఆ పుస్తకం మీద తలా ఒక మాట ఫోన్‌లో రికార్డు చేసి ఆయనకే పంపాలని వీళ్ళ పట్టు. దానికి ముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామని హెన్రీ గదిలో చేరారు. హెన్రీ గిటార్ పాఠాలు చెప్పే గది అది.

ముందు ఎరువుల అంగడి ఓబుళేశు అందుకున్నాడు. "వాయించేదాంట్లో దేవుడప్పా. రాసేదాంట్లో మాత్రం సొంత డబ్బా శానా కొట్టుకున్నాడు. స్టేజీ కూలిపోయినా వాయిస్తానే ఉన్నాడంట! ఎవురు నమ్మల్ల?"

"అది పోనీలే అన్నా," అంది సాహితి. ఇంజనీరింగ్ చదువుతూ హెన్రీ దగ్గర నేర్చుకుంటున్న పిల్ల. "ఆ వేగం ఎట్ల వచ్చిందో ఒక్క ముక్క చెప్పలేదు. ఏం సాధన చేసినాడు, ఏ తీగలు వాడినాడు, ఏమీ లేదు. బిర్యానీ గురించి మాత్రం పేజీలకు పేజీలు."

వంశీకి ఇవేవీ పట్టలేదు. వాడు బ్యాంకులో ఉద్యోగి, కానీ మనసు మెత్తన. "మూడో అధ్యాయం చదివినారా లేదా? నాకైతే ఏడుపొచ్చింది."

ఆ మాటతో ముగ్గురూ ఒక్కటైపోయారు. ఆ అధ్యాయం అట్లాంటిది మరి. ఏసేపు తండ్రి బళ్ళారిలో కూలి చేసి కొడుక్కొక గిటార్ తెచ్చి, ఆ ఏడే చనిపోయాడు. ఏసేపుకు పన్నెండేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. ఆసుపత్రి నుంచి బతికి ఇల్లు చేరేసరికి గిటార్ లేదు. చర్చిలో కోతల పండుగనాడు పాస్టరు అయ్యగారు దాన్ని వేలం పెట్టి, తానే పాడి దక్కించుకున్నాడని పిల్లలు చెప్పారు. అమ్మనడిగితే ఏడ్చిందే గానీ నోరు విప్పలేదు. కొన్నాళ్ళకు గిటార్ అయ్యగారి కొడుకు చేతిలో కనబడింది. వెనకాల కొడవలి మొనతో తాను గీసుకున్న నక్షత్రం సహా. ఆ తర్వాత ఏసేపు చర్చి గడప తొక్కలేదు.

"ఆ అయ్యగారు కనపడితే కడిగి పారేస్తా," అన్నాడు వంశీ.

"ఆ కొడుకు యాడుండాడో! సిగ్గులేకుండా ఇంకా వాయిస్తాంటాడు," అన్నాడు ఓబుళేశు.

"సార్, మీరేమీ అనరేం?" అంది సాహితి.

"నేనింకా పూర్తి చేయలేదు," అన్నాడు హెన్రీ. పచ్చి అబద్ధం. రెండుసార్లు చదివాడు. అయ్యగారి కొడుకు తానే. ఆ గిటార్ వాళ్ళ నెత్తిమీదే గోడకు వేలాడుతోంది, నక్షత్రం గోడవైపు. అప్పుడు చిన్నపిల్లాడు కాబట్టి, అది వేలంలో వచ్చిందని తెలుసు గానీ, ఎవరిదో ఇన్నేళ్ళూ తెలియదు. తాను దేవుడిలా చూసుకునే మనిషి పుస్తకంలో తనకింత చోటు దొరికింది, అదీ దొంగసొమ్ము పట్టుకున్న పిల్లాడిగా. హెన్రీకి తలెత్తుకోబుద్ధి కాలేదు.

ఆ శనివారమే హెన్రీ సొంతూరు ఆలూరుకు బస్సెక్కాడు. తండ్రి శాంతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల్లి రాహేలమ్మ చేటలో ఉలవలు ఏరుతోంది. హెన్రీ పుస్తకం అరుగు మీద పడేశాడు.

"ఇందులో నువ్వు దొంగవు నాయనా, నేను దొంగ కొడుకును. కృపమ్మ కొడుకు ఏసేపు గిటార్‌ను వేలం పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"పాడుకున్నది?"

"అదీ నేనే."

అంతే. ఇన్నేళ్ళు ఊరికి వాక్యం చెప్పిన మనిషి, సొంత కొడుక్కి రెండు మాటలు చెప్పలేడా!

రాహేలమ్మ చేట కింద పెట్టేసింది. "నువ్వు చెప్పకుంటే నేను చెప్తా."

"రాహేలూ, మాటిచ్చినాం."

"నువ్విచ్చినావు. నేను ఇయ్యలే."

కోతల పండుగకు ఆ చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. బల్ల మీద కానుకగా గుమ్మడికాయ పెట్టినా, కోడిని పెట్టినా, ఎవరు పెట్టారని అయ్యగారు నలుగురిలో చెప్పడు. ఉన్నదాన్ని వేలం వేయడమే ఆయన పని. పిల్లలకు కనబడింది ఆ వేలమే.

"పెట్టింది కృపమ్మే రా," అంది రాహేలమ్మ. "డాక్టర్లు చేతులెత్తేసినారు. బిడ్డ బతికితే ఇంట్లో అన్నిటికన్నా ప్రియమైంది ఇస్తానని మొక్కుకునింది. మొగుని గుర్తని ఉన్నది అదొక్కటే. తెల్లారకముందే తువ్వాల చుట్టి తెచ్చె. తీసుకపో తల్లీ అని మీ నాయన మొత్తుకున్నాడు. దేవునికిచ్చింది ఎట్ల తీసుకునేదయ్యా అనె. బయటోళ్ళ పాలు కాకూడదని మీ నాయనే పాడి, మళ్ళీ ఎత్తుకోని వాళ్ళింటికి పోయినాడు. ఆయమ్మ తలుపే తీయలే. లోపల్నుంచే ఒక్క మాట అడిగింది. నేనిచ్చినానని తెలిస్తే నా బిడ్డ నా మొగం చూడడు, మీరే చేసినారనుకోనీ అయ్యా అని."

హెన్రీ వచ్చి తండ్రి పక్కన కూలబడ్డాడు. "ఆమె పోయి ఐదేళ్ళాయె నాయనా. ఇప్పుడైనా చెప్పేస్తా. నిన్ను ఊరూరా తిడతాండారు."

"పుస్తకం మొదట్లో ఏందో రాసినాడంట కదా. చదువు," అన్నాడు శాంతయ్య.

హెన్రీ మొదటి పేజీ తీసి చదివాడు. "నా చేతిలోంచి గిటార్ లాక్కోవాలని ఏనాడూ చూడని ఒకే ఒక్క చెయ్యి, మా అమ్మది. ఈ పుస్తకం ఆమెకు."

"ఇంక నీ ఇష్టం రా," అన్నాడు శాంతయ్య. రాహేలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని చేట అందుకుంది.

మరుసటి ఆదివారం హెన్రీ గదిలో సాహితి రికార్డు చేయడానికి ఫోన్ పట్టుకుంది. ముగ్గురి మాటలూ అయ్యాయి. వంశీ అయ్యగారిని కడగాల్సినంతా కడిగాడు. హెన్రీ లేచి గోడమీది గిటార్ దించాడు, దాని వెనకవైపు ఫోన్‌కు చూపించాడు. నక్షత్రం చూసి వంశీ నోరు తెరిచాడు.

"అన్నా, నేను హెన్రీ. మూడో అధ్యాయంలో అయ్యగారి కొడుకును నేనే. మా నాయన వేలం పెట్టింది నిజం, పాడుకుంది నిజం. మీ గిటార్ భద్రంగా ఉండాది, ఎప్పుడొచ్చినా తీసుకపోండి." ఇక్కడ అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "మీ అమ్మ గురించి రాసింది మాత్రం శానా బాగుండాది అన్నా."

సాహితి ఫోన్ ఆపింది. వంశీ ఎవరి మొహమూ చూడకుండా బ్యాగు తగిలించుకుని మెట్లు దిగిపోయాడు.

"ఏమప్పా హెన్రీ," అన్నాడు ఓబుళేశు, గొంతు తగ్గించి. "మీ నాయన ఇట్లాంటోడా?"

హెన్రీకి ఏడుపూ గర్వమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గిటార్‌ను మళ్ళీ మేకుకు తగిలించాడు, ఈసారి నక్షత్రం అందరికీ కనబడేటట్టు.

"అవునప్పా," అన్నాడు. "మా నాయన ఇట్లాంటోడే."